లెటర్‌బాక్సుల వెంటపడి నింగన్ దాకా

సిడ్నీ నుంచి నింగన్ ఐదువందల యాభై కిలోమీటర్లు. దారిలో చూసి తీరాల్సినవేమీ లేవని ముందే చెప్పేస్తున్నాను. గొర్రెలుంటాయి. కోసేసిన గోధుమ పొలాలుంటాయి. ఆ తర్వాత మళ్ళీ గొర్రెలుంటాయి. మా సిడ్నీ తెలుగువాళ్ళలో ఇప్పటిదాకా అటు వెళ్ళినవాళ్ళు, నాకు తెలిసి, ఇద్దరే. ఒకరు నేను, రెండోవారు నసీమా ఆంటీ. మిగతావాళ్ళంతా ఒపేరా హౌస్ ముందు ఫొటో దిగి, కొండ మీద మూడు రాళ్ళు చూసి, ఆస్ట్రేలియా అయిపోయిందనుకుంటారు. వాళ్ళకోసం ఇది రాస్తున్నాను.

వెస్ట్‌మీడ్

అప్పటికి నేను రెండు నెలలుగా బెంచి మీద ఉన్నాను. పార్కులో బెంచి కాదు. జీతం లేకుండా, పని లేకుండా, వీసా మాత్రం ఉండటాన్ని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు అలా అంటారు. ఒక బీమా కంపెనీ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చెయ్యటానికి నన్ను భీమవరం నుంచి పట్టుకొచ్చారు. 2000 వస్తే లిఫ్టులు ఆగుతాయన్నారు, విమానాలు రాలతాయన్నారు. వచ్చింది. నా ఉద్యోగం తప్ప ఏదీ ఆగలేదు.

ఖాళీగా ఉన్న మనిషి కనబడితే తెలుగు సంఘం ఊరుకోదు. నన్ను సాంస్కృతిక కార్యదర్శిని చేశారు. నా మొదటి పనీ చివరి పనీ నసీమా ఆంటీ సీడీ.

ఆంటీది నరసరావుపేట. ఇరవై రెండేళ్ళు అక్కడ హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఇక్కడికి వచ్చాక వెస్ట్‌మీడ్ ఆస్పత్రి వెనక వీధిలో భర్త ఖాదర్ అంకుల్ పెట్టిన సరుకుల కొట్లో కూర్చుంటారు. బియ్యం బస్తాల మధ్య పాటలు రాసి, బాణీలు కట్టి, వచ్చినవాళ్ళకి పాడి వినిపిస్తారు. కుక్కరు విజిల్ మీద ఒకటి, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు మీద ఒకటి, ఇట్లా పది. సంఘం ప్రెసిడెంటుగారికి ఇవి నచ్చలేదు. "కొంచెం సంస్కారవంతంగా, భక్తి గిక్తి ఉంటే బాగుండును" అన్నారు. నేను మొండికేశాను. శనివారం ఉగాది సభలో విడుదల అని పోస్టర్లు కూడా వేశాం.

మంగళవారం సాయంత్రం అట్టపెట్టెలొచ్చాయి. ఐదువందల సీడీలు, పైన ఆంటీ ఫొటో, ఎర్ర అక్షరాల్లో 'నసీమా పాటలు'. కొట్లోనే ఒకటి తీసి, బయట నా కారు ప్లేయర్లో పెట్టాను, ఆంటీ ముందు సీట్లో, అంకుల్ తలుపు పట్టుకుని నిలబడి. గిటారు మోగింది. తర్వాత ఒక మగమనిషి, జలుబు చేసినట్టున్న గొంతుతో, చెరువు ఎండిపోయిందని ఇంగ్లీషులో ఏడవటం మొదలెట్టాడు.

"ఇది నేను కాదే," అన్నారు ఆంటీ.

మరో పది విప్పి కొట్లో ప్లేయర్లో పెట్టి చూశాం. అన్నిట్లో అతనే.

మెల్‌బోర్న్‌లో డిస్కులు అచ్చేసేవాళ్ళకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి బోలెడు సారీలు చెప్పి విషయం తేల్చింది. అదే రోజు ఇంకొకళ్ళవీ ఐదువందలు ప్యాక్ చేశారట. రెండు పార్టీలూ ఖర్చు తగ్గుతుందని డిస్కు మీద ఏమీ ముద్రించొద్దన్నారట. అచ్చంగా అద్దాల్లా ఉన్న వెయ్యి డిస్కులు. ఇటువి అటూ, అటువి ఇటూ పోయాయి. ఆ ముద్రించొద్దన్న మహానుభావుల్లో ఒకరు నేనే.

రెండో పార్టీ పేరు లీనింగ్ లెటర్‌బాక్సెస్. అంటే వంగిన పోస్టు డబ్బాలు. 'ఆల్ట్ కంట్రీ' బ్యాండు. పల్లెటూరి కంట్రీ పాటల్ని రాక్ గిటార్ల మోతతో, కౌబాయ్ టోపీ లేకుండా, ఎక్కువ దిగులుతో పాడితే దాన్ని అలా అంటారని తర్వాత తెలిసింది. ఆల్బమ్ పేరు 'రెయిన్ ఆన్ ది రాంగ్ సైడ్'. వాన ఎప్పుడూ కంచెకి అవతల పక్కింటాయన పొలంలోనే పడుతుందని బాధ. వాళ్ళు అప్పటికే వ్యానేసుకుని టూరు మీద బయల్దేరారు. మొబైల్ ఎత్తటం లేదు, సిగ్నల్ ఉండదట. మళ్ళీ అచ్చేసి ఇవ్వటానికి రెండు వారాలు పడుతుందంది ఆ అమ్మాయి. టూరులో మొదటి రెండు ఊళ్ళ పేర్లు, తేదీలు మాత్రం ఫ్యాక్స్ చేసింది.

"ఎక్కడున్నారో తెలుసుగా, పోయి తెచ్చుకుందాం," అన్నారు ఆంటీ, బస్టాండు పక్క దర్జీ దగ్గర జాకెట్టు తెచ్చుకోవటం గురించి చెప్తున్నట్టు.

బాథర్స్ట్

బుధవారం పొద్దున బయల్దేరాం. డిక్కీలో నాలుగువందల తొంభై తొమ్మిది తప్పు డిస్కులు. ఐదువందలోది ప్లేయర్లో ఇరుక్కుపోయింది. ఎజెక్ట్ నొక్కితే కిర్రుమని మళ్ళీ మొదటి పాట మొదలయ్యేది. రేడియోకి మారుద్దామంటే కొండలు దాటేదాకా అదీ పలకదు. కాబట్టి విన్నాం.

మొదటి పాట ఎండిన చెరువు. రెండోది కంచె దూకి పక్కింటికి పోయిన కుక్క. మూడోది స్టార్టవని ట్రక్కు. నాలుగోది స్టార్టయి పెళ్ళాన్ని తీసుకెళ్ళిపోయిన వేరే ట్రక్కు.

"వీడికి ఏదీ నిలవదా?" అన్నారు ఆంటీ. "పెన్సిలైనా ఉందో లేదో కనుక్కో."

ఏడో పాట వచ్చేసరికి మాత్రం సౌండు కొంచెం పెంచారు. అమ్మ పోయాక వంటింట్లో ఆవిడ కుర్చీని ఎవరూ జరపరు. ఊడ్చేవాళ్ళు దాని చుట్టూ ఊడుస్తారు. అంతే పాట. వెనక ఒక ఫిడేలు. "ఇది బాగుంది," అన్నారు చివర. మళ్ళీ చెరువు ఎండింది.

బాథర్స్ట్‌లో ముందురోజు రాత్రి వాళ్ళు పాడిన పబ్ దొరికింది. ఆంటీ జీవితంలో పబ్బులోకి అడుగుపెట్టటం అదే మొదలు. గుమ్మం దగ్గర ఆగి, తలమీద కొంగు సర్దుకుని, బిస్మిల్లా అనుకుని లోపలికొచ్చి నిమ్మరసం అడిగారు. లోపల పదకొండు గంటలకే నలుగురు ముసలాళ్ళు బీరు గ్లాసుల్తో కూర్చున్నారు. ఇక్కడ ఒక మర్యాద ఉంది: ఒకడు అందరికీ కొనాలి, తర్వాత రెండోవాడు అందరికీ కొనాలి, ఇలా వంతులు తిరగాలి. మధ్యలో లేచి వెళ్ళిపోయినవాడికి ఊళ్ళో పరువుండదు. భీమవరంలో కాఫీ హోటల్లో బిల్లు దగ్గర "నేనిస్తా అంటే నేనిస్తా" అని చొక్కాలు పట్టుకుంటాం కదా, దాన్నే వీళ్ళు టైంటేబుల్ వేసుకుని చేస్తారు.

పబ్ నడిపేది డోరీన్ అనే పెద్దావిడ. విషయం చెప్పబోతే, చెయ్యి పైకెత్తి ఆపి, బార్ వెనక ప్లేయరు సౌండు పెంచింది.

ఆంటీ గొంతు. *పుచ్చు వంకాయలిచ్చి పోయినావురా, పులుసు నేనెవరికి పెట్టుకోనురా.*

"పొద్దున్నించి ఇదే," అంది డోరీన్. "రాత్రి కొన్నాను. పెడితే ఇది వచ్చింది. ముందు కోపమొచ్చింది. తర్వాత గ్లాసులు తుడుస్తూ విన్నాను, ఈ నాలుగోది వచ్చేసరికి ఏడుపాగలేదు. మా ఆయన బ్యారీ పోయి నాలుగేళ్ళయింది. ఈవిడ సరిగ్గా దాని గురించే పాడుతోంది కదూ?"

"పాడింది నేనే," అన్నారు ఆంటీ తన మేష్టారి ఇంగ్లీషులో. "అది బ్రింజాల్ అమ్మేవాడి గురించి. ప్రతి ఆదివారం పుచ్చులిచ్చేవాడు."

డోరీన్ ఆంటీని పైనించి కిందికి చూసింది. తర్వాత ఎంత గట్టిగా నవ్విందంటే మూల కూర్చున్న ముసలాయన గ్లాసు పట్టుకున్నాడు.

"నాకనవసరం లవ్," అంది, ఇక్కడివాళ్ళు ఎవర్నైనా పిలిచే పిలుపుతో. "అది బ్యారీ గురించే."

సీడీ వెనక్కి ఇమ్మంటే ఇవ్వనంది. సరైన బ్యాండు డిస్కు ఇస్తామన్నాం. అదీ తీసుకుంది, ఇదీ ఉంచుకుంది. మా ఇద్దరికీ చిప్స్ శాండ్‌విచ్ చేసి పెట్టింది. వెన్న రాసిన రెండు బ్రెడ్డు ముక్కల మధ్య వేయించిన బంగాళాదుంపలు. మాంసం తినం అంటే ఈ దేశంలో దొరికేది ఇదే. డబ్బు తీసుకోలేదు.

కారెక్కాక ఆంటీ సీటు బెల్టు పెట్టుకున్నారు. "ఆవిడ చెప్పింది మరీ తప్పు కాదులే," అన్నారు. "ఆ వంకాయలవాడు చచ్చిపోయాక రాశాను అది."

వెల్లింగ్టన్

డబ్బోలో ఆ రాత్రికే వాళ్ళని పట్టుకుందామనుకున్నాం. వెల్లింగ్టన్ అనే ఊరి ముందు ఇంజను మీద పొగ లేచింది. ఫ్యాన్ బెల్టు తెగింది.

ఈ పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతివాడూ స్టీరింగు మీంచి చూపుడువేలు ఒకటి పైకెత్తుతాడు. మొదట్లో ఎవరో తిడుతున్నారనుకుని నేనూ గుర్రుగా చూశాను. నమస్కారమట. ఆ రోజు పొగ కక్కుతున్న కారు పక్కన నిలబడి మేం చేతులూపుతుంటే, ముగ్గురు వేలెత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. నాలుగోవాడు మాత్రం ఆగి, గ్యారేజీ దాకా లాక్కెళ్ళాడు.

గ్యారేజీ ఆయన బెల్టు రేపు పొద్దున వస్తుందన్నాడు. మోటెల్ గదికి యాభై ఐదు డాలర్లు. ఆంటీ నడవలో చాప పరచి అసర్ నమాజు చేసుకున్నారు. కిబ్లా, అంటే మక్కా దిక్కు, ఎటో కనుక్కోవాల్సిన పనిలేదు, రోడ్డు దాదాపు అటే పోతోంది.

మర్నాడు పొద్దున గ్యారేజీ బయట పాత టైర్ల మీద కూర్చుని, ఆంటీ తెచ్చిన రొట్టె, గోంగూర పచ్చడి తిన్నాం. బెల్టు ఇంకా రాలేదు. నాకు విసుగొచ్చింది. డబ్బోలో వాళ్ళ షో అయిపోయింది. వాళ్ళెక్కడికి పోతున్నారో, మనం ఎందుకు పోతున్నామో అనిపించింది.

"ఆంటీ, వెనక్కి పోదాం. రెండు వారాల్లో కొత్తవి ఇస్తామన్నారుగా. వచ్చే నెల పెట్టుకుందాం విడుదల. ఏమవుతుంది?"

ఆంటీ రొట్టె నమలటం పూర్తి చేసి, నీళ్ళు తాగి, మూత పెట్టారు.

"వచ్చే నెలకి నాకీ గొంతు ఉంటుందో లేదో అమ్మాయ్."

మెడ మీద కొంగు కొంచెం జరిపి చూపించారు. గొంతు కింద ఒక పక్క ఉబ్బు. రోజూ చూసే మనిషిని, నేను ఎప్పుడూ గమనించలేదు. థైరాయిడ్‌లో గడ్డ. సోమవారం పొద్దున వెస్ట్‌మీడ్‌లో ఆపరేషను.

"క్యాన్సరా?" అన్నాను. ఎలా అడగాలో తెలీక అలాగే అడిగేశాను.

"తీసి చూస్తే గానీ తెలవదంట. చాలామందికి ఏం కాదని చెప్పాడు డాక్టరు. కానీ గొంతు నరం దాని పక్కనే ఉంటదంట. సంతకం పెట్టే కాయితంలో ఉంది, 'వాయిస్ మే చేంజ్' అని. మీ అంకుల్‌కి ఆపరేషన్ సంగతి తెలుసు, ఈ ముక్క తెలవదు. తెలిస్తే ఆపరేషనే వద్దంటాడు, పిచ్చోడు."

ఆమే మళ్ళీ అన్నారు: "సీడీ ఎప్పుడొచ్చినా నా గొంతే ఉంటది దాంట్లో. అది కాదు. శనివారం ఆ స్టేజీ మీద నేను నిలబడి పాడాలి, కింద జనం చేతుల్లో అది ఉండాలి. రెండూ ఒకేసారి. అంత ఆశ పడకూడదంటావా?"

"పడొచ్చాంటీ."

"అయితే పోయి ఆ బెల్టువాణ్ణి తొందరపెట్టు."

పోయి తొందరపెట్టాను. అతను చాలా మర్యాదగా, ఏ మాత్రం తొందరపడకుండా బిగించాడు.

డబ్బో

డబ్బో చేరేసరికి మధ్యాహ్నం. అక్కడ ఊరివాళ్ళే నడుపుకునే చిన్న రేడియో స్టేషనుంది. బ్యాండు సంగతి వాళ్ళకి తెలుస్తుందని చెప్తే వెళ్ళాం. ఒక రేకుల గది, గోడలకి మోత రాకుండా గుడ్లట్టలు. లోపల కీత్ అనే ఆయన, రిటైరైన పోస్ట్‌మ్యాన్, రోజూ మూడుగంటలసేపు పాటలు వేస్తాడు.

"మీరా!" అన్నాడు మేం తెచ్చిన సీడీ కవరు మీద ఆంటీ ఫొటో చూసి.

జరిగిందేంటంటే, బ్యాండువాళ్ళు ముందురోజు అతనికి సీడీ ఇచ్చి, గురువారం పొద్దున వెయ్యమన్నారు. వాళ్ళ వ్యానులో క్యాసెట్ ప్లేయరే ఉంది కాబట్టి అచ్చయిన డిస్కు వాళ్ళెవరూ అప్పటిదాకా వినలేదు. పొద్దున వ్యాను ఊరు దాటుతుంటే రేడియో పెట్టుకుని, తమ కొత్త ఆల్బమ్ కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కీత్ గంభీరంగా పరిచయం చేశాడు. కుక్కరు మూడు విజిళ్ళేసింది. ఆంటీ అందుకున్నారు.

"నేను ఆపకూడదనుకున్నాను," అన్నాడు కీత్. "కళాకారులు కదా, దారి మార్చుకుని ఉంటారు. అదే మాట రేడియోలో కూడా అన్నాను."

బ్యాండు పాటగాడు క్లెమ్ రోడ్డు పక్క ఫోను డబ్బాలోంచి ఫోన్ చేసి తిట్టిన తిట్లు కీత్ మాకు చెప్పలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అతని తర్వాత ఇంకా ఫోన్లొచ్చాయి. ఒకాయన ఇదేం గోల అన్నాడు. మిగతావాళ్ళు ఆ విజిల్ పాట మళ్ళీ వెయ్యమన్నారు.

కీత్ ఆంటీని వదల్లేదు. మైకు ముందు కూర్చోబెట్టాడు. "మీ సంగీతం మీద ఎవరి ప్రభావం ఎక్కువ?" అని అడిగాడు.

"హెడ్‌మాస్టర్స్," అన్నారు ఆంటీ. "త్రీ ఆఫ్ దెమ్."

బయటికొస్తుంటే కీత్ చెప్పాడు. బ్యాండు రేపు మధ్యాహ్నం రెండింటికి నింగన్‌లో, బౌలింగ్ క్లబ్బులో. క్లెమ్‌ది ఆ పక్క ఊరే. "కొంచెం జాగ్రత్త," అన్నాడు. "ఆ ఆల్బమ్ చెయ్యటానికి వాడికి నాలుగేళ్ళు పట్టింది. జనం ఫోన్ చేసి మీ పాట అడిగారని నేను చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది."

నింగన్

నింగన్‌లో చెట్లు తక్కువ, ఈగలు ఎక్కువ. మాట్లాడటానికి నోరు తెరిస్తే లోపలికి వస్తాయి. ఇక్కడివాళ్ళు పెదాలు కదపకుండా ఎందుకు మాట్లాడతారో నాకు ఆ ఊళ్ళో అర్థమైంది.

బౌలింగ్ క్లబ్బు అంటే ముసలివాళ్ళు తెల్లబట్టలేసుకుని పచ్చిక మీద బంతులు దొర్లించే చోటు. లోపల బారు, భోజనం, జూదం మిషన్లు. ఊరికి అదే కల్యాణమంటపం, అదే రచ్చబండ. గుమ్మం దగ్గర పుస్తకంలో సంతకం పెట్టాలి, టోపీ తియ్యాలి. ద్వారపాలకుడు ఆంటీ తలమీద కొంగు చూశాడు, గోడ మీద 'టోపీలు తీయవలెను' అన్న బోర్డు చూశాడు, మళ్ళీ కొంగు చూశాడు. "అది టోపీ కాదు," అని తనకి తనే తీర్పు చెప్పుకుని లోపలికి పంపాడు.

క్లెమ్ స్టేజీ పక్కన వైర్లు చుడుతున్నాడు. యాభై దగ్గర వయసు, పొడుగ్గా, ఇస్త్రీ సగంలో ఆపేసిన చొక్కాలా ఉన్నాడు. మేం వస్తున్నామని కీత్ క్లబ్బుకి ఫోన్ చేసి చెప్పాడట, ఫిడేలు వాయించే ట్రిష్ అనే ఆవిడ మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చి ఆంటీ చేతులు పట్టుకుంది. అతను రాలేదు.

"పెట్టెలు వ్యాన్లో ఉన్నాయి. తీసుకోండి," అన్నాడు అటు తిరిగే. "అరవై అమ్ముడయ్యాయి. మీవి బాగా పోతున్నాయి. కంగ్రాట్స్."

ఆంటీ కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చున్నారు. "మీ పాటలు విన్నాను."

"అవునా. ఎన్నిసార్లు?"

"పదకొండు."

అతను తలెత్తాడు.

"ఇష్టపడి కాదు," అన్నారు ఆంటీ. "అది కార్లోంచి బయటికి రావటం లేదు."

ట్రిష్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. క్లెమ్ మూతి కొంచెం వంకరపోయింది. నవ్వో ఏడుపో తెలీలేదు. "ఎలా ఉన్నాయి మరి?" అన్నాడు, పట్టించుకోనట్టు. వేళ్ళు మాత్రం వైరు చుట్టటం మానేశాయి.

ఇరవై రెండేళ్ళు కాంపోజిషన్లు దిద్దిన మనిషిని ఎవరూ అలా అడక్కూడదు.

"నూటికి అరవై రెండు," అన్నారు ఆంటీ. "ఏడో పాటకి నూటికి నూరు. అలాంటిది నేను రాయలేదు, రాయలేను. ట్రక్కులు రెండూ ఒకటే పాట, ఒకటి కొట్టెయ్యి. రెండోది, ఆ కుక్కది, అబద్ధం."

"అబద్ధమా?"

"కుక్క పోయినవాడు రాస్తే ముందు దాని రంగు చెప్తాడు. పేరు చెప్తాడు. చెవి ఎక్కడ చిరిగిందో చెప్తాడు. నీ పాటలో కుక్కకి రంగు లేదు, పేరు లేదు. కంచె మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఎన్ని గుంజలు, ఏ తీగ, ఎక్కడ తుప్పు, అన్నీ చెప్పావు. నీకు కుక్క లేదు బాబూ. ఎవరది?"

నేను ఆంటీ మోచెయ్యి గిల్లాను. ఆమె కదల్లేదు. జూదం మిషను ఒకటి గణగణమని పాట పాడింది.

"మా అన్న," అన్నాడు క్లెమ్. "నీల్. అమ్మ పోయాక పొలం పంచుకున్నాం. మధ్యలో కంచె వేశాం. ఆరేళ్ళుగా మాటల్లేవు. ఇక్కడికి పది నిమిషాలు వాడి ఇల్లు."

"ఆ మాటే రాయి మరి."

"ఊరందరికీ తెలుసు మేడమ్. నీల్ అని పాడితే ఈ హాల్లో ఉన్న ప్రతివాడికీ తెలుస్తుంది."

"నా వంకాయలవాడు కూడా మా వీధందరికీ తెలుసు," అన్నారు ఆంటీ.

రెండింటికి హాల్లో నలభైమంది దాకా చేరారు. మొదట లాటరీ. ఈ క్లబ్బుల్లో బహుమతి మాంసం! పళ్ళెం నిండా చాప్సు, సాసేజీలు, ప్లాస్టిక్ కాగితం కప్పి. జీవితంలో నాకు తగిలిన ఏకైక లాటరీ అదే. గుడ్డు కూడా తినని ఇంట్లో పుట్టినదాన్ని, ఐదు కిలోల గొర్రెని రెండు చేతులా పట్టుకుని నిలబడితే నలభైమంది చప్పట్లు కొట్టారు. "హలాల్ కూడా కాదు, ఎవరికీ పనికిరాకుండా పోయింది," అని ఆంటీ బాధపడ్డారు. డ్రమ్ములు వాయించేవాడికి ఇచ్చేశాం.

క్లెమ్ చెరువు పాడాడు. జనం బీరు తాగుతూ, మాట్లాడుకుంటూ విన్నారు. రెండో పాటకి గిటారు మొదలెట్టి, ఆపాడు. మళ్ళీ మొదలెట్టాడు. కంచె దాటి పోయావు, పిలిస్తే తల తిప్పలేదు అన్న చోట, అంతకుముందు పదకొండుసార్లు మేం విన్న మాట రాలేదు. "నీల్" అన్నాడు.

ట్రిష్ ఫిడేలు ఎత్తాల్సిన చోట ఎత్తలేదు. హాల్లో మాటలు ఒక్కొక్క టేబుల్ దగ్గరా ఆగిపోయాయి. బారులో పోస్తున్నవాడు గ్లాసు నిండి చేతిమీద కారుతున్నా చూసుకోలేదు. క్లెమ్ కళ్ళు మూసుకుని పాట చివరిదాకా పాడాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలోంచి ఒకాయన లేచి, గుమ్మం దగ్గర ఫోను వైపు నడిచాడు. ఎవరికి చేశాడో, అవతలవాళ్ళేమన్నారో నాకు తెలీదు. మేం ఉన్నంతసేపట్లో నీల్ రాలేదు.

పాటలయ్యాక క్లెమ్ స్టేజీ దిగి వచ్చి ఆంటీని పాడమన్నాడు. "రేపటికి దాచుకోవాలి," అన్నారామె, మెడ మీద చెయ్యేసి. అతను కొంగు వైపు, ఆ చెయ్యి వైపు చూసి మళ్ళీ అడగలేదు. ఆంటీ సీడీనే క్లబ్బు స్పీకర్లలో పెట్టించాడు.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరైనా చెప్తే నేను నమ్మేదాన్ని కాదు. పొడుగాటి టేబుళ్ళ మీద తొమ్మిదివందలకు పైగా సీడీలు పరిచాం. బయట బంతులు దొర్లిస్తున్న ముసలివాళ్ళు తెల్లబట్టలతో లోపలికొచ్చి వరస కట్టారు. ఒకరు డబ్బా తెరవటం, ఒకరు డిస్కు తియ్యటం, ఒకరు పెట్టటం, ఒకరు మూత వెయ్యటం. పైన కుక్కరు కూస్తోంది. డెబ్భై ఏళ్ళావిడ ఒకరు ప్రతి విజిల్‌కీ వేలెత్తి లెక్కబెట్టి, మూడోది కాగానే "ఉడికింది!" అని అరిచింది. రెండు గంటల్లో అయిపోయింది. నా కార్లో ఇరుక్కున్న డిస్కు సంగతి చెప్తే, "ఉంచుకోండి," అన్నాడు క్లెమ్. "దాంట్లో ఇంకా కుక్కే ఉందిగా."

తిరుగుదారి

శనివారం తెల్లారకముందే బయల్దేరి, మూడింటికల్లా వెస్ట్‌మీడ్‌లో పడ్డాం. సభకి ఆంటీ స్నానం చేసి వచ్చారు, నేను చెయ్యకుండానే వచ్చాను. ప్రెసిడెంటుగారు ముప్ఫై అయిదు నిమిషాలు తెలుగు సంస్కృతి గురించి మాట్లాడి, ఆంటీకి పది నిమిషాలే ఉందన్నారు. ఆమె నాలుగు పాటలు పాడారు. గంట కొట్టినా ఆగలేదు. వంకాయ పాటలో పైకి పోయే చోట గొంతు ఎంత తేలిగ్గా పోయిందంటే, ముందు వరసలో ఖాదర్ అంకుల్ తల వంచుకుని చేతిలో సీడీ కవరు మీద ఆమె ఫొటోనే చూస్తూ కూర్చున్నారు. ఆయనకి ఎవరైనా చెప్పారో, తనకే తెలిసిందో నేను అడగలేదు.

నింగన్ ముసలివాళ్ళ చేతుల్లో కొన్ని తారుమారయ్యాయి. కొందరికి వంకాయల బదులు ట్రక్కులు వచ్చాయి. ఒక్కరు మాత్రమే ఫోన్ చేశారు. మిగతావాళ్ళు ఇంకా విని ఉండరు.

సోమవారం ఆపరేషన్ జరిగింది. గడ్డ మంచిదే, క్యాన్సరు కాదన్నారు. గొంతు మాత్రం దెబ్బతింది. మూడు వారాలు గుసగుస తప్ప రాలేదు. ఆ రోజుల్లో నాకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. ఫోన్ చేస్తే అంకులే మాట్లాడేవారు. "కోలుకుంటోంది" అనేవారు, అంతకంటే ఏమీ చెప్పేవారు కాదు. నేనూ అడిగేదాన్ని కాదు.

జూలైలో ఒక పని మీద సిడ్నీ వచ్చి, కందిపప్పు కొనే వంకతో కొట్టుకి వెళ్ళాను. అంకుల్ కౌంటర్లో ఉన్నారు. ముగ్గురు సామాన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఎవరికీ బిల్లు కొట్టటం లేదు. పెదవి మీద వేలు పెట్టుకుని లోపలికి చూపించారు.

బస్తాల వెనకనించి ఒక గొంతు వస్తోంది. బరువుగా, గరగరా, కొంచెం తడబడుతూ. ఒక మెట్టు ఎక్కబోయి, అందక, పక్కకి జరిగి ఇంకో దారిన పోతోంది. నేను వెళ్ళి చూసేసరికి ఆంటీ స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని, ఒక మాట కొట్టేసి మళ్ళీ రాస్తున్నారు.

"వచ్చావా? ఎట్టా ఉంది?" అన్నారు.

"వేరేగా ఉందాంటీ."

"వేరేగానే ఉంటది. పాతవి దీంట్లో పట్టవు, చూశాను. పైకి పోయేవన్నీ పోయినయ్. అందుకని కింద కిందనే తిరిగేది ఒకటి కడుతున్నా." పెన్సిలుతో ఎదురుగా ఉన్న బాస్మతి బస్తా చూపించారు. "కూర్చో. రెండో చరణం ఇంకా కుదర్లేదు. మొహమాటం లేకుండా చెప్పాలి."

కూర్చున్నాను. ఆమె మొదటినుంచి ఎత్తుకున్నారు.